584 పరుగులు చేసిన జట్టు ఇన్నింగ్స్ తేడాతో ఎలా ఓడుతుంది? ఓడుతూనే ఉండే ఇంగ్లండ్ కౌంటీ జట్టు లెస్టర్‌షైర్‌కి అభిమానులు ఎందుకుంటారు?

అడిగినవారి సందేహం: 2022లో లెస్టర్‌షైర్ మొదటి ఇన్నింగ్స్‌లో 584 కొట్టి కూడా మరో కౌంటీ జట్టు గ్లామోర్గాన్ చేతిలో ఇన్నింగ్స్ 28 పరుగుల తేడాతో ఓడిందట, నిజమేనా, అలాంటి జట్టును పట్టుకుని ఉండేవాళ్ళు ఎవరు అని.

నిజమే. జులై 20 నుంచి 23 వరకు లెస్టర్‌లోని గ్రేస్ రోడ్ మైదానంలో జరిగింది. లెస్టర్‌షైర్ 584. గ్లామోర్గాన్ 5 వికెట్లకు 795 డిక్లేర్డ్. మళ్ళీ లెస్టర్‌షైర్ 183 ఆలౌట్. 795 లోంచి 584 తీసేస్తే 211, అందులోంచి 183 పోతే 28. ఈ మ్యాచ్ గురించి ఎవరు మాట్లాడినా గ్లామోర్గాన్ బ్యాటర్ శామ్ నార్తీస్ట్ కొట్టిన 410 నాటౌట్ దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. లెస్టర్‌షైర్ వైపువాళ్ళకు ఆ 410 కన్నా చివరి 183 ఎక్కువ గుచ్చుకుంటుంది. మ్యాచ్ పోయింది అక్కడే. దీని మీద ఎవరితోనైనా వాదించడానికి సిద్ధం.

ముందు పిచ్ సంగతి. మ్యాచ్‌కి సరిగ్గా ముందురోజు, జులై 19న, లింకన్‌షైర్‌లోని కానింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది. బ్రిటన్‌లో అంత ఎండ అంతకుముందు ఎప్పుడూ నమోదు కాలేదు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో 40 అంటే ఎవరూ పట్టించుకోరు గానీ, అక్కడ పచ్చిక మొత్తం గోధుమరంగుకు తిరిగిపోయిన వేసవి అది. నేలలో తడి లేకపోతే బంతి పిచ్ మీద పడ్డాక పక్కకు జరగదు. దానికి తోడు ఆ ఏడాది అక్కడి మ్యాచ్‌ల్లో వాడే డ్యూక్స్ కంపెనీ బంతులు తొందరగా మెత్తబడుతున్నాయని, గుండ్రని ఆకారం పోతోందని బౌలర్లు సీజన్ పొడుగునా మొత్తుకున్నారు. డ్యూక్స్ బంతి బలమంతా చేత్తో వేసిన ఆ ఎత్తైన కుట్టులోనే ఉంది. బంతి గట్టిగా ఉన్నంతసేపే ఆ కుట్టు నేలను పట్టుకుంటుంది. మెత్తబడిందా, కుట్టు ఎంత లేచి ఉన్నా దండగే. కొత్త బంతి 80 ఓవర్లకు గానీ రాదు. మొదటి పాతిక ఓవర్లలో బంతి పస అయిపోతే మిగతా యాభై అయిదు ఓవర్లూ ఎదురుచూపులే.

ఇక్కడే ఇంగ్లండ్ బోర్డు మీద పెద్ద ఫిర్యాదు ఉంది. నాలుగు రోజుల మ్యాచ్‌ల కౌంటీ ఛాంపియన్‌షిప్‌లో ఎక్కువ మ్యాచ్‌లు ఏప్రిల్, మే, సెప్టెంబరు నెలల్లోకి నెట్టేశారు. మంచి ఎండాకాలమంతా టీ20కి, ఇన్నింగ్స్‌కి వంద బంతుల హండ్రెడ్ లీగ్‌కి రాసిచ్చేశారు. తడి పిచ్ మీద మధ్యస్థ వేగంతో ఒకే చోట వేస్తూ పోతే వికెట్లు వాటంతటవే వచ్చే నెలల్లో పెరిగిన బౌలర్‌ని జులై ఎండలో రాయిలాంటి పిచ్ మీద దింపితే ఏం చేస్తాడు? పాత బంతిని ఒకవైపు గరుకుగా, ఒకవైపు నునుపుగా కాపాడుకుంటూ రివర్స్ స్వింగ్ రాబట్టడం, క్రీజు అంచు నుంచి కోణం మార్చడం, కటర్లు, లెగ్ వైపు ముగ్గురిని పెట్టి వేసే షార్ట్ బంతి, ఇవన్నీ మ్యాచ్‌ల్లో వేసి వేసి నేర్చుకోవాల్సినవి. నెట్స్‌లో వచ్చేవి కావు.

సరే, ఆ ఇన్నింగ్స్. గ్లామోర్గాన్ 9 పరుగులకే 2 వికెట్లు పోగొట్టుకుంది. నార్తీస్ట్, 139 కొట్టిన కాలిన్ ఇంగ్రామ్ కలిసి నిలబెట్టారు. అయినా 334 దగ్గర ఐదో వికెట్ పడిపోయింది. ఈ క్షణాన్ని కాస్త దగ్గర్నుంచి చూడండి. లెస్టర్‌షైర్ ఇంకా 250 పరుగులు ముందుంది. నాలుగు రోజుల మ్యాచ్‌లో 150 వెనకబడితే ఫాలోఆన్, అంటే వెంటనే మళ్ళీ బ్యాటింగ్‌కి దిగమనొచ్చు, కాబట్టి అది తప్పించుకోవడానికి గ్లామోర్గాన్‌కి ఇంకా 101 కావాలి. మిగిలింది వికెట్ కీపర్ క్రిస్ కుక్, ఆ తర్వాత బౌలర్లు. ఒక్క వికెట్ పడి ఉంటే తోక మొదలయ్యేది. పడలేదు. 334 నుంచి 795 దాకా, 461 పరుగుల పాటు, ఇంకో వికెట్ పడనే లేదు. కుక్ 191 నాటౌట్. అంతకుముందు ఏ వికెట్‌కైనా గ్లామోర్గాన్ రికార్డు 1993లో వివ్ రిచర్డ్స్, ఏడ్రియన్ డేల్ కలిసి చేసిన 425. అదీ పోయింది.

నార్తీస్ట్ 450 బంతుల్లో 45 ఫోర్లు, 3 సిక్సులు కొట్టాడు. అంటే బౌండరీల్లో వచ్చినవి 198. మిగతా 212 పరుగెత్తి తీసినవే. అసలు సంగతంతా ఈ 212 లోనే ఉంది. బౌండరీలు ఆపడానికి ఫీల్డర్లను తాళ్ళ దాకా పంపేస్తే సింగిల్ ఊరికే వస్తుంది. సింగిల్ ఊరికే వస్తే ఒక బ్యాటర్‌కి వరసగా ఆరు బంతులు వేసే అవకాశం బౌలర్‌కి ఉండదు. ఒక్కో బంతికీ ఎదురుగా వేరే మనిషి, వేరే ఎత్తు, వేరే పద్ధతి. మెయిడెన్లు లేవు, ఒత్తిడి లేదు. ఇలాంటప్పుడు చేయాల్సింది ఒక్కటే: ఆఫ్ స్టంప్ బయట గీత పట్టుకుని ఆ వైపే ఏడుగురిని పెట్టి, 'కావాలంటే అడ్డంగా ఆడి పరుగు తీసుకో' అని గంటసేపు వేయాలి. రెండో కొసన స్పిన్నర్ చేత బ్యాటర్ కాళ్ళ వెనక గరుకులో వేయించాలి. ఓవర్‌కి రెండు పరుగులకు తగ్గించగలిగితే 350 దాటినవాడికైనా విసుగొస్తుంది, విసుగే వికెట్ తెస్తుంది. కానీ ఇది అలసిపోకముందు చేయాల్సిన పని. నడుం వంగాక కుదరదు. మన ఆంధ్ర బౌలర్లను అడగండి, 1993–94 రంజీలో సికింద్రాబాద్‌లో హైదరాబాద్ 6 వికెట్లకు 944 కొట్టినప్పుడు ఎలా ఉండిందో.

నాలుగో రోజు పొద్దున నార్తీస్ట్ 308తో మొదలుపెట్టి లంచ్ లోపు ఇంకో 102 చేర్చాడు. ఫస్ట్ క్లాస్ క్రికెట్ రికార్డు అయిన బ్రయాన్ లారా 501కి ఇంకా 91 దూరం. గ్లామోర్గాన్ కెప్టెన్ డిక్లేర్ చేశాడు. చాలామంది అయ్యో అన్నారు. నా లెక్కలో ఆ నాలుగు రోజుల్లో జరిగిన అన్నిటికన్నా తెలివైన పని అదే. లంచ్ తర్వాత ఇంకో గంట ఆడి ఉంటే రికార్డు ఏమయ్యేదో గానీ, గెలుపు మాత్రం చేజారేది. ఆ సీజన్‌లో లెస్టర్‌షైర్‌కి ఆడిన వియాన్ మల్డర్ కూడా 2025లో బులవాయోలో దక్షిణాఫ్రికా కెప్టెన్‌గా 367 నాటౌట్ దగ్గర డిక్లేర్ చేశాడు, లారా టెస్టు రికార్డు 400కి 33 దూరంలో.

ఇప్పుడు ఆ రెండు సెషన్లు. 584 కొట్టిన పిచ్. అదే బ్యాటర్లు. చేయాల్సింది గెలవడం కాదు, సాయంత్రం దాకా నిలబడటం. అక్కడ 183కి పదిమందీ అయిపోయారు.

దీనికి కారణాలు ఉన్నాయి. ఎండలో పొద్దంతా నిలబడి వచ్చిన ఓపెనర్‌కి లంచ్ నలభై నిమిషాల్లోనే తిండి, ప్యాడ్లు, గార్డు అన్నీ. అలసట ముందు చేతుల్లో కనపడదు, ముందుకాలిలో కనపడుతుంది. బంతి దగ్గరికి వెళ్ళాల్సిన కాలు అరడుగు వెనకే ఆగిపోతుంది, చేతులు మాత్రం చాచుకుంటాయి. అదే స్లిప్‌కి క్యాచ్. రెండోది ఫీల్డింగ్. 211 ఆధిక్యం ఉన్న కెప్టెన్‌కి పరుగుల భయం లేదు. ముగ్గురు స్లిప్‌లు, గల్లీ, షార్ట్ లెగ్ పెట్టి కవర్స్ ఖాళీగా వదిలేస్తాడు. ఆ ఖాళీ ఎర. టీ20కి అలవాటుపడిన చెయ్యి ఖాళీ చూస్తే ఆగదు. మూడోది రోలర్. ఇన్నింగ్స్ ముందు బ్యాటింగ్ జట్టు కోరితే ఏడు నిమిషాలు రోలర్ తిప్పించుకోవచ్చు. ఎండి పగుళ్ళు తేలిన పిచ్ మీద పెద్ద రోలర్ తిప్పితే అంచులు విరిగి బంతి ఎగుడుదిగుడుగా వస్తుంది, తేలికదే మేలు.

మ్యాచ్ కాపాడే బ్యాటింగ్ ఎలా ఉండాలంటే, స్కోరుబోర్డు వైపు చూడకుండా పదేసి ఓవర్ల ముక్కలుగా కోసుకోవాలి. మొదటి ముక్కలో ఆఫ్ స్టంప్ బయటిది ఒక్కటీ తాకకూడదు. బ్యాటు శరీరానికి ఆనుకుని, కళ్ళ కిందే ఆడాలి. మెత్తని చేతులతో ఆడితే ఎడ్జ్ తగిలినా స్లిప్ ముందే పడుతుంది. ఓవర్ల మధ్య నిదానంగా నడవాలి, గ్లవ్స్ మార్చుకోవాలి, అంపైర్ ఊరుకున్నంతవరకు. చూడటానికి బాగుండదు. కానీ ఆ ఏడాది డ్రాకి 8 పాయింట్లు, గెలిస్తే 16. నిలబడి ఉంటే 8 పాయింట్లు దక్కేవి. ఆ సీజన్ మొత్తం ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా ఛాంపియన్‌షిప్ కింది అంచె అయిన రెండో డివిజన్ అడుగున మిగిలిన జట్టు ఇది.

ఇక అభిమానులు ఎందుకుంటారన్నది. 2012 సెప్టెంబరు నుంచి 2015 జూన్ దాకా ఈ జట్టు 992 రోజులు, 37 ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లు గెలుపు లేకుండా గడిపింది. చెమ్స్‌ఫర్డ్‌లో ఎసెక్స్‌ని ఓడించి ఆ కరువు తీర్చుకుంది. 1975, 1996, 1998 ఛాంపియన్లు వీళ్ళే అని గుర్తున్నవాళ్ళు ఆ 992 రోజులూ వదల్లేదు. మనవాళ్ళకు ఇది అర్థం కాని విషయం కాదు. 1986–87లో రంజీ గెలిచిన హైదరాబాద్ 2010లో ఉప్పల్‌లో రాజస్థాన్ మీద 21కి ఆలౌట్ అయింది, 2022–23 తర్వాత రంజీ కింది అంచె అయిన ప్లేట్ గ్రూప్‌కి పడిపోయింది. అయినా మన జట్టు మన జట్టే కదా.

చిన్న కౌంటీలకు చేతకాదు, పద్దెనిమిది కౌంటీలను పదికి కుదించాలి అనేవాళ్ళ మాట వింటే ఒళ్ళు మండుతుంది. స్టువర్ట్ బ్రాడ్ ఎక్కడ మొదలయ్యాడు? లెస్టర్‌షైర్‌లో. ఎక్కడికి వెళ్ళాడు? పాతిక మైళ్ళ దూరంలోని నాటింగ్‌హామ్‌షైర్‌కి. జేమ్స్ టేలర్ అంతే, హ్యారీ గర్నీ అంతే. 2022లో కెప్టెన్‌గా ఉన్న కాలమ్ పార్కిన్సన్ తర్వాత డరమ్‌కి వెళ్ళిపోయాడు. మొక్క పెంచేది ఒకరు, కాయ కోసుకునేది ఇంకొకరు. తయారుచేసిన కౌంటీకి ఆటగాడు ఆడినన్నాళ్ళూ వాటా రావాలి. హండ్రెడ్ జట్ల అమ్మకంలో సన్‌రైజర్స్ వాళ్ళు లీడ్స్ జట్టుకు దాదాపు 10 కోట్ల పౌండ్లు పెట్టారు. ఆ అమ్మకాల డబ్బులో కౌంటీలకు వచ్చే వాటా లెస్టర్ లాంటి చోట పిల్లల కోచింగ్‌కి, జీతాలకు పోతే మంచిదే. అప్పు తీర్చడానికి పోతే మళ్ళీ మొదటికే.

2022లో ఆ 183 తర్వాత అయిదు నెలలకు, ఇదే లెస్టర్‌షైర్‌లో ఆడే రెహాన్ అహ్మద్ 18 ఏళ్ళకే కరాచీలో టెస్టు ఆడి ఒక ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు తీశాడు. 2023 సెప్టెంబరులో వన్డే కప్ ఫైనల్లో హ్యారీ స్విండెల్స్ 117 నాటౌట్‌తో 267 చేసి, హాంప్‌షైర్‌ని 265 దగ్గర ఆపి 2 పరుగులతో గెలిచారు. చివరి ఓవర్ వేసింది 19 ఏళ్ళ జోష్ హల్. మైదానం ఏదంటే నాటింగ్‌హామ్‌లోని ట్రెంట్ బ్రిడ్జ్. 2025లో రెండో డివిజన్ గెలిచి, 2003లో పోగొట్టుకున్న మొదటి డివిజన్ చోటు తిరిగి తెచ్చుకున్నారు.

ఆ 2022 స్కోర్‌కార్డు దొరికితే 410 దగ్గర ఆగకండి. గ్లామోర్గాన్ వికెట్లు పడిన వరస చూడండి, 5–334తో ఆగిపోతుంది. ఆ తర్వాత లెస్టర్‌షైర్ రెండో ఇన్నింగ్స్ వికెట్ల వరస చూడండి. ఒక్కో వికెట్‌కి మధ్య ఎన్ని పరుగులున్నాయో వేలితో లెక్కపెట్టండి.