వెనక సీట్లో ఉన్నంత మాత్రాన నేరం రుజువు కాదు

స్నేహితుడి కారును పోలీసులు ఆపితే డ్రగ్స్ దొరికాయని, అమెరికాలో చదువుతున్న మీ తమ్ముడిపైనా డ్రైవర్‌తో పాటు కేసు పెట్టారని రాశారు. మీ టెన్షన్ అర్థమవుతోంది. అక్కడ ఇలా ప్రయాణికుణ్ణి కూడా అరెస్టు చేయవచ్చు. 2003లో మేరీల్యాండ్ వర్సెస్ ప్రింగిల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది.

కానీ అరెస్టు వేరు, శిక్ష వేరు. సరుకు అక్కడుందని అతనికి తెలుసనీ, అది అతని అదుపులో ఉందనీ ప్రాసిక్యూషన్ నిరూపించాలి. ఎవరి బ్యాగులో దొరికింది, అతను పోలీసులతో ఏమన్నాడు అన్నవే కీలకం. అందుకే లాయర్ లేకుండా ఇక ఒక్క మాట కూడా మాట్లాడొద్దని చెప్పండి. ఆ స్నేహితుడితో కేసు గురించి మెసేజ్‌లూ వద్దు, పాతవి చెరిపేయడమూ వద్దు. కారు ఆపడమే అక్రమమైతే దాన్ని ప్రశ్నించే హక్కు ప్రయాణికుడికీ ఉంది (బ్రెండ్లిన్ కేసులో అదే సుప్రీంకోర్టు తీర్పు, 2007).

నాకు ఎక్కువ భయం వీసా గురించే. నేరం ఒప్పుకుంటే తర్వాత కేసు కొట్టేస్తామని ఆఫర్ ఇస్తే తొందరపడి సంతకం పెట్టనివ్వకండి. రాష్ట్ర కోర్టు కొట్టేసినా ఇమ్మిగ్రేషన్ చట్టం చాలాసార్లు దాన్ని శిక్ష పడినట్టే లెక్కిస్తుంది. సంతకానికి ముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌కు కూడా ఆ కాగితాలు చూపించండి.