పాత పెంకుటిల్లు తీసి డాబా కట్టేటప్పుడు వృథా, కరెంటు ఖర్చు తగ్గేదెలా?

అమలాపురం పరిసరాల్లో పెంకుటిల్లు తీసి డాబా కట్టేవారు ముందు పాత ఇంట్లో ఏమేమి పనికొస్తాయో లెక్క చూసుకోవాలి. సున్నంతో కట్టిన గోడల్లోని ఇటుకలు, సిమెంటు గోడల ఇటుకల్లా పగిలిపోకుండా, చాలావరకు విడివిడిగా ఊడి వస్తాయి కాబట్టి, పొక్లెయిన్‌తో కూల్చకుండా మనుషులతో విప్పిస్తే మంచివి ప్రహరీకి, ముక్కలు పునాది మెరకకు సరిపోతాయి. టేకు దూలాలు, ద్వారబంధాల సంగతి చెప్పనే అక్కర్లేదు. కూలీ కొంత ఎక్కువైనా ఇదే మేలని నా అభిప్రాయం. ఇనుప చువ్వలు సాధారణంగా 12 మీటర్ల పొడవున వస్తాయి కనుక, ఏ ముక్క ఎంత పొడవు కావాలో చూపే కోతల పట్టీ ముందే రాయించుకుంటే తుక్కు తగ్గుతుంది.

కరెంటు బిల్లు విషయంలో అసలు చిక్కంతా శ్లాబుతోనే. పగలంతా ఎండను పీల్చుకున్న కాంక్రీటు పొద్దుపోయాక కూడా ఆ వేడిని గదుల్లోకి వదులుతూ ఉంటుంది. పైన తెల్లని కూలింగ్ పూత వేయిస్తే ఆ వేడి బాగా తగ్గుతుంది. డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి నీటి కూలర్లు ఇక్కడ అంతగా పనిచేయవు. అందుకే సముద్రపు గాలి వచ్చే వైపు ఒక కిటికీ, దానికి ఎదురుగోడకు మరొకటి తప్పనిసరిగా పెట్టించాలి; పడమటి గోడకు పాత ఇళ్లలో ఉన్నట్టే వసారా దించడం ఉత్తమం. మామూలు సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటే, బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాను 30 వాట్ల దగ్గరే తిరుగుతుంది.