పార్కిన్సన్స్ ఉంటే పరిహారం అడగకూడదా?

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. నాలుగేళ్లుగా పార్కిన్సన్స్ వ్యాధి ఉంది. లైసెన్సు అక్కర్లేదంటే ఎలక్ట్రిక్ బైక్ కొన్నాను. అయిదు నెలల క్రితం పక్క సందులోంచి వచ్చిన కారు గుద్ది తుంటి ఎముక విరిగింది. కారు యజమాని వైద్యానికి కొంత ఫోన్‌లో పంపి, మిగతాది తర్వాత ఇస్తాననడంతో కేసు పెట్టలేదు. ఇప్పుడేమో ‘వణికే చేతులతో బండెక్కడం మీ తప్పు’ అని నలుగురిలో అవమానిస్తున్నాడు. బండి మా అబ్బాయి నడిపాడని చెప్పమని బంధువులు అంటున్నారు. నాకు న్యాయం జరుగుతుందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అవమానం గురించి రాశారు గానీ, కారు మీ బండికి ఏ వైపున తగిలిందో రాయలేదు. కేసు తేలేది అక్కడే. ప్రమాదం ఎవరి నిర్లక్ష్యం వల్ల జరిగిందన్నదే ట్రిబ్యునల్ (వాహన ప్రమాదాల పరిహారం తేల్చే న్యాయస్థానం) చూస్తుంది. వ్యాధి ఉన్నంత మాత్రాన తప్పు మీదైపోదు. లైసెన్సు లేకపోవడం ఒక్కటే బాధితుడి నిర్లక్ష్యానికి రుజువు కాదని సుధీర్ కుమార్ రాణా కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే మీ చేయి వణికి బండి అదుపు తప్పిందని అవతలివారు రుజువు చేస్తే, ఆ మేరకు పరిహారం తగ్గుతుంది. ఆ రోజు పార్కిన్సన్స్‌కు వాడే లీవోడోపా మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారు, దాని ప్రభావం తగ్గే వేళకు బండి మీద ఉన్నారా అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడుగుతారు. అందుకు ప్రమాదానికి ముందునాటి నరాల వైద్యుడి చీటీలు కావాలి. ఇప్పుడు కొత్తగా రాయించుకునే సర్టిఫికెట్‌కు విలువ తక్కువ.

మోటారు శక్తి 250 వాట్లలోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు ఉండి, పరీక్షా సంస్థ ఆమోదం ఉన్న బండికే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. దుకాణంలో వేగం పెంచి ఇచ్చి ఉంటే ఆ మినహాయింపు పోతుంది. బిల్లు దాచండి, విరిగిన బండిని బాగు చేయించకండి.

అబ్బాయి నడిపాడన్న మాట పొరపాటున కూడా అనకండి. ఆసుపత్రిలో మొదటి రోజు రాసుకున్న కాగితంలో బండి నడిపింది మీరేనని ఉంటే, ఆ ఒక్క అబద్ధంతో నిజమైన క్లెయిమ్ కూడా పోతుంది. పైగా కోర్టులో తప్పుడు సాక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు.

నోటిమాట నమ్మి అయిదు నెలలు ఊరుకోవడం మాత్రం మీ అజాగ్రత్తే. 2022 ఏప్రిల్ 1 నుంచి, మోటారు వాహనాల చట్టం 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో పిటిషన్ వేయాలి. ఆ గడువు చెల్లుబాటుపై సుప్రీంకోర్టులో వివాదం ఉన్నా, దాన్ని నమ్ముకుని ఒక్క రోజు కూడా జాప్యం చేయకండి. సీసీ కెమెరా దృశ్యాలు ఈపాటికే చెరిగిపోయి ఉండవచ్చు, అయినా ఆ సందు మొగలోని దుకాణాల్లో అడిగి చూడండి.

ఈ వారమే పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఆలస్యానికి కారణమూ, అందిన డబ్బూ దాచకుండా రాయండి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. ఆ డబ్బు జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంట్ కారు యజమానితో జరిగిన ఒప్పందానికి మంచి ఆధారం. ఎఫ్‌ఐఆర్ కాపీ అందలేదని ఆగకుండా, డ్రైవరునూ, యజమానినీ, బీమా కంపెనీనీ ప్రతివాదులుగా చేర్చి, మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే పిటిషన్ వేయించండి.