మౌస్ కోసం ఈఎంఐ వద్దు, ఇంకొకటి మాత్రం చేతిలో ఉంచుకోండి

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంటి ముందు గదిలో డీటీపీ పని చేస్తాను. తెలుగులో, ఒడియాలో శుభలేఖలు, కరపత్రాలు తయారు చేస్తాను, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపుతాను. ఖర్చులు పోను నెలకు 16,000 మిగులుతాయి. అందులోంచే ప్రింటర్ వాయిదా 2,100 కట్టాలి. నా మౌస్ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది. మణికట్టు నొప్పి కూడా ఉంది. వడ్డీ లేని ఈఎంఐ మీద 5,000 రూపాయల మౌస్ తీసుకోనా, 200 రూపాయలది సరిపోతుందా?

జవాబు: అమ్మా, రెండూ వద్దు. పేరున్న కంపెనీ వైరు మౌస్ 500 నుంచి 700 రూపాయల్లో దొరుకుతుంది, అది కొనండి. మీ వృత్తిలో మౌస్ పాడైతే పోయేది దాని ఖరీదుతో ఆగదు, ఆ పూట సంపాదన కూడా పోతుంది. శుభలేఖలో వరుడి పేరును పట్టుకుని లాగుతుంటే సగంలో జారిపోతుంది. దరఖాస్తు రుసుము కట్టేచోట నొక్కు రెండుసార్లు పడి డబ్బు రెండుసార్లు పోతే, అది తిరిగి వచ్చేదాకా ఆ మనిషికి జవాబు చెప్పుకోవాల్సింది మీరే. అందుకే రుసుముల పని ఈరోజు నుంచే ఆ మౌస్‌తో చేయకండి.

అలాగని దాన్ని పారేయకండి. బొత్తాం కింద ఉండే చిన్న స్విచ్‌లో పలచటి లోహపు రేకు అరిగిపోతే ఈ జబ్బు వస్తుంది. ముందు బిల్లు వెతికి వారంటీ ఉందేమో చూడండి, ఉంటే విప్పకుండా మార్పించుకోండి. గడువు దాటితే సోల్డరింగ్ తెలిసిన ఫోన్ మెకానిక్‌కు ఇవ్వండి. స్విచ్ ఖరీదు కొద్ది పదుల రూపాయలే. బాగైతే అదే మీ అదనపు మౌస్. మెకానిక్ మజూరీ 150 దాటితే ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపి మామూలుది మరొకటి కొనడమే మేలు.

ఇక ఈఎంఐ. ‘వడ్డీ లేని’ అన్న మాట నమ్మకండి. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. సాధారణంగా అమ్మేవారు వడ్డీ మేరకు ధర తగ్గించి చూపుతారు, బ్యాంకు ఆ వడ్డీని వాయిదాల్లో వసూలు చేస్తుంది. క్రెడిట్ కార్డు మీదైతే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము మీకు పడతాయి. 5,000 అంటే మీ నెల మిగులులో దాదాపు మూడో వంతు. ఒక వాయిదా నడుస్తుండగా రెండోది తలకెత్తుకోవడం నాకు అసలు ఇష్టం లేదు. దానికి బదులు బ్యాంకులో ఏడాది రికరింగ్ డిపాజిట్ తెరిచి నెలకు 300 వేయండి. ఏడాదికి 3,600, పైన వడ్డీ. కీబోర్డు, యూపీఎస్ బ్యాటరీ లాంటివి పోయినప్పుడు అక్కరకొస్తుంది. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ మంచిదే కానీ అది ఐదేళ్లది, మూడేళ్లు నిండకుండా మూయలేరు. ఈ అవసరానికి కుదరదు.

సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం వెళ్తే చవక అని ఎవరైనా అంటే, పన్ను సరిహద్దుకు అటూ ఇటూ ఒకటే, 18 శాతం. తేడా ఉంటే దుకాణదారు ఇచ్చే తగ్గింపులోనే. పాడైతే ఎదురుగా నిలబడి మార్పించుకోగల దుకాణంలో, బిల్లు తీసుకుని కొనండి. కొనేముందు అరచేతిలో పట్టి చూడండి. చిన్న మౌస్‌ను వేళ్ల కొసలతో రోజంతా పట్టుకుంటే చెయ్యి అలసిపోతుంది. డబ్బా మీద వేలకు వేలు డీపీఐ అంకెలుంటాయి, అంటే మౌస్ కొంచెం కదిపితే తెర మీది బాణం ఎంత దూరం జరుగుతుందో చెప్పే అంకెలు, మీ పనికి 1,000 నుంచి 1,600 చాలు.

మణికట్టు సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ముందు కుర్చీ ఎత్తు సరిచేసి, ముంజేయి బల్లమీద ఆనేలా కూర్చోండి. అది పైసా ఖర్చు లేని పని. కరచాలనం చేసినట్టు చెయ్యి పక్కకు నిలిపి పట్టుకునే నిలువు మౌస్ కొందరికి హాయినిస్తుంది, అందరికీ కాదు. ఎవరిదైనా అడిగి రెండు రోజులు వాడి చూశాకే కొనండి. బొటనవేలు, చూపుడువేలు, నడివేలు రాత్రిళ్లు తిమ్మిరెక్కుతుంటే మాత్రం మౌస్ మార్చి చూద్దామని ఆగకుండా డాక్టరుకు చూపించండి. ఆ ఖర్చుకు పొదుపులోంచి తీసినా ఫరవాలేదు.