పని కెమెరాలతో సింగపూర్ వెళ్తుంటే కస్టమ్స్ దగ్గర ఏం చూపించాలి?

ఒక పెళ్లి చిత్రీకరణ కోసం మూడు వారాలు సింగపూర్‌లో ఉండబోతున్నానని, రెండు కెమెరాలు, ఐదు లెన్సులు, ఒక డ్రోన్ వెంట తీసుకెళ్తున్నానని, అక్కడి కస్టమ్స్ వారు వాటికి సుంకం అడుగుతారా అని మీరు అడిగారు. నేను పద్నాలుగేళ్లుగా విజయవాడలో పెళ్లి వీడియోలు తీస్తున్నాను. ఇదే పని మీద రెండుసార్లు సింగపూర్ వెళ్లివచ్చాను. అక్కడ ఆపుతారేమోనన్న భయం నాకూ ఉండేది గానీ, నాకు అసలు చిక్కు వచ్చింది తిరిగివచ్చి మన దేశంలో దిగాక. అందుకే ముందు ఆ సంగతే రాస్తున్నాను.

2019లో మొదటిసారి వెళ్లినప్పుడు, నా కెమెరాలు నావే కదా అన్న ధీమాతో ఏ కాగితమూ రాయించుకోకుండా విమానం ఎక్కేశాను. తిరిగివచ్చి, సుంకం కట్టాల్సిన వస్తువులేవీ లేనివారు వెళ్లే గ్రీన్ ఛానల్ గుండా నడుస్తుంటే, స్కానర్‌లో పెట్టె చూసిన అధికారి పక్కకు రమ్మన్నారు. ఆయన మర్యాదగానే మాట్లాడారు. అడిగింది మాత్రం ఒక్కటే, ఇవి ఇక్కడి నుంచి వెళ్లినవేనని రుజువేమిటని. కెమెరాల బిల్లులు నా మెయిల్‌లో ఉన్నాయి, వాటిలో సీరియల్ నంబర్లూ ఉన్నాయి. అయితే అవే నంబర్లు కెమెరా మీద కూడా కనిపించాలి కదా. నంబరు స్టిక్కరు కెమెరా అడుగున ఉంది, దాన్ని పూర్తిగా కప్పేస్తూ నేను కెమెరా చుట్టూ పట్టే ఇనుప చట్రం, అంటే కేజ్, బిగించి ఉంచాను, ఆ కేజ్ మరలు విప్పే చిన్న పనిముట్టు ఎల్-కీ ఏమో బట్టల పెట్టెలో ఎక్కడో ఉంది. పంచెలూ తువ్వాళ్లూ బల్ల మీద పరిచి వెతికితే చివరికి ఒక సాక్సులో దొరికింది. ఆయన ఫోన్ టార్చి వేసి ఒక్కొక్క అంకె చదువుతుంటే నేను బిల్లులో సరిచూసి అవునంటూ వచ్చాను.

కెమెరాలు రెండూ అలా గట్టెక్కాయి గానీ ఒక లెన్సు దొరికిపోయింది. తెలిసినవారి దగ్గర కాస్త చవగ్గా వస్తోందని బిల్లు లేకుండా కొన్నది అది. ఇంకా కొత్తదానిలా మెరుస్తోంది. దాని విలువ 1,40,000 రూపాయలుగా లెక్కకట్టి, అప్పట్లో ఉన్న 50,000 మినహాయింపు పోను మిగిలిన 90,000 మీద 38.5 శాతం చొప్పున 34,650 రూపాయలు కట్టించుకున్నారు. ఖర్చులన్నీ పోను ఆ పెళ్లికి నాకు మిగిలింది దాదాపు అంతే. అధికారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు, ఎందుకంటే ఆ లెన్సు సింగపూర్‌లో కొన్నది కాదని నిరూపించే ఆధారం నా దగ్గర నిజంగానే లేదు.

ఇలా జరగకుండా ఉండాలంటే, బయలుదేరే రోజున విమానాశ్రయంలోనే కస్టమ్స్ వారి దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. వస్తువు పేరు, మోడల్, సీరియల్ నంబరు అందులో రాసి ముద్ర వేసి ఇస్తారు. తిరిగివచ్చినప్పుడు అది చూపిస్తే సరిపోతుంది. అయితే వస్తువును వారు కళ్లారా చూడాలి కనుక, లగేజీ చెక్-ఇన్‌లో వేయకముందే వారి దగ్గరకు వెళ్లాలి. ఎప్పుడూ వెళ్లే సమయానికి ఒక గంట ముందుగా వెళ్లండి. పనిముట్ల జాబితాను ముందే టైపు చేసి రెండు ప్రతులు పెట్టుకుంటే పని త్వరగా అవుతుంది. ఇంకొక మాట, మన దుకాణాల్లో చాలామంది బిల్లులో మోడల్ పేరు మాత్రమే రాసి ఊరుకుంటారు. సీరియల్ నంబరు కూడా వేయమని కొనేటప్పుడే అడగండి.

ఇక సింగపూర్ వైపు సంగతి. పని కోసం తెచ్చిన సామగ్రిని పర్యాటకుడి సొంత వస్తువుగా చూడరు. అక్కడ దిగుమతుల మీద 2024 నుంచి 9 శాతం జీఎస్టీ ఉంది. అది కట్టకుండా సామగ్రిని తాత్కాలికంగా లోపలికి తీసుకెళ్లడానికి సులువైన మార్గం ఏటీఏ కార్నెట్, అంటే ఈ వస్తువులన్నీ తిరిగి తీసుకెళ్తామని హామీ ఇచ్చే అంతర్జాతీయ కస్టమ్స్ పత్రం. మన దేశంలో దాన్ని వాణిజ్య, పరిశ్రమల సమాఖ్య ఫిక్కీ ఇస్తుంది, ఏడాది పాటు చెల్లుతుంది, ఫీజుతో పాటు పూచీగా డిపాజిటో బ్యాంకు గ్యారంటీయో అడుగుతారు. 2024లో నేను దాని మీదే వెళ్లాను. ఒక్క కెమెరా, రెండు లెన్సులు పట్టుకెళ్లేవారికి ఇంత హంగామా బరువే అనిపించవచ్చు గానీ, మీ జాబితాకు మాత్రం తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఒకసారి జారీ అయ్యాక జాబితాలో కొత్త వస్తువు చేర్చడానికి వీలుండదు కనుక, మైకులు, మానిటర్ కూడా మరచిపోకుండా మొదటే రాయండి. పెళ్లివారికి ఇచ్చేసే ఆల్బమ్ లాంటివి అందులో రాయకూడదు, ఎందుకంటే కార్నెట్ తిరిగివచ్చే వస్తువులకు మాత్రమే.

కార్నెట్ మీద నాలుగు చోట్ల ముద్ర పడాలి: ఇక్కడ బయలుదేరేటప్పుడు, అక్కడ దిగినప్పుడు రెడ్ ఛానల్‌లో (కస్టమ్స్‌కు చూపించాల్సిన వస్తువులున్నవారు వెళ్లే దారి), అక్కడి నుంచి తిరిగి బయలుదేరేటప్పుడు, మళ్లీ ఇక్కడ దిగినప్పుడు. వీటిలో అందరూ మరచిపోయేది మూడోది. రాత్రి విమానం, నిద్ర కళ్లు, నేనూ తిన్నగా వెళ్లి చెక్-ఇన్ వరుసలో నిలబడ్డాను. పెట్టె బెల్టు మీద పెట్టబోతుండగా గుర్తొచ్చి వెనక్కి పరుగెత్తాను. ఆ ముద్ర లేకపోతే సామగ్రి అక్కడే ఉండిపోయిందని భావించి, కొన్ని నెలల తర్వాత కూడా ఆ పన్ను అడగవచ్చు. కార్నెట్ ఉన్నంత మాత్రాన అక్కడ పని చేయడానికి అనుమతి వచ్చినట్టు కాదు. ఆ అనుమతి సంగతి మిమ్మల్ని పిలిచినవారితో విడిగా తేల్చుకోండి.

డ్రోన్ మాత్రం ఇంట్లోనే ఉంచండి. 2022 ఫిబ్రవరి నుంచి మన దేశంలోకి విదేశీ డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది. మీదే అయినా తిరిగి తెచ్చేటప్పుడు వాదించుకోవలసి వస్తుంది. పైగా సింగపూర్‌లో 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను నమోదు చేయించనిదే ఎగరేయకూడదు. అక్కడే అనుమతులున్న డ్రోన్ ఆపరేటర్‌ను ఒక్క రోజుకు మాట్లాడుకోవడం మేలు. నేను రెండోసారి అలాగే చేశాను.

విడి బ్యాటరీలన్నీ చేతి సంచిలోనే పెట్టుకోవాలి. బ్యాటరీ సామర్థ్యం 100 వాట్-అవర్ దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి, 160 దాటితే అసలు ఎక్కించుకోరు. ఎల్-కీ చిన్నది, అవసరానికి దొరకదు కనుక, కేజ్‌ను ఇంట్లోనే విప్పి చెక్-ఇన్ పెట్టెలో వేసి, కెమెరాలను నంబర్లు కనిపించేలా సర్దుకోండి.