అప్పు చేసి పాత కెమెరా వేలంలో పాడొచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. రాజమండ్రిలో పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌ని. భార్య, ఇద్దరు పిల్లలు. ఇంటి ఖర్చు నెలకు 40 వేలు. బ్యాంకులో 60 వేలున్నాయి. నా దగ్గరున్న పాత ఫిల్మ్ కెమెరాలు 5 లక్షలు చేస్తాయి, అవసరమైతే అమ్ముకోవచ్చు. వియన్నాలో వేలానికి వస్తున్న లైకా కంపెనీ ఎం3 కెమెరా సెట్ కోసం 4 లక్షల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? 2022లో ఒక లైకా 1.44 కోట్ల యూరోలు పలికింది కదా!

జవాబు: వద్దు. ఆ ధర పలికింది లైకా రూపకర్త ఓస్కార్ బర్నాక్ స్వయంగా వాడిన 0-సిరీస్ 105వ నంబరు కెమెరాకి. ఆ సిరీస్‌లో తయారైనవే సుమారు రెండు డజన్లు. ఎం3లు రెండు లక్షలకు పైగా వచ్చాయి. రెండింటికీ పేరు ఒకటే, మార్కెట్ ఒకటి కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది లైకా కాదు, 'అవసరమైతే అమ్ముకోవచ్చు' అన్న మాట. బంగారం కొన్నవాళ్లు, స్థలం కొన్నవాళ్లు కూడా ఇదే అంటారు. అర్ధరాత్రి ఆసుపత్రిలో అడ్వాన్స్ కట్టమంటే కెమెరా అక్కరకు రాదు. వేలానికి పంపితే నెలల ముందే ఇవ్వాలి, అమ్మకం కమీషన్ పోవాలి. ఈలోగా గోదావరి గాలి తేమకు లెన్స్‌లో ఫంగస్ పట్టిందంటే ధర అక్కడే పడిపోతుంది. మీ 5 లక్షలు మీ అంచనా మాత్రమే. ముందు రెండు కెమెరాలు అమ్మి చూడండి, చేతికి వచ్చిందే అసలు విలువ.

మూఢం, ఆషాఢం వస్తే మీకు ముహూర్తాలుండవు, ఆదాయం ఉండదు. జీతగాళ్లకు ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీకు తొమ్మిది నెలలది, అంటే 3.6 లక్షలు, అత్యవసర నిధిగా విడిగా ఉండాల్సిందే. ఉన్నది నెలన్నరకు సరిపడా మాత్రమే. ఈ స్థితిలో అప్పు చేసి సరదా వస్తువు కొనడం పెట్టుబడి కాదు, ఇంటిల్లిపాదినీ ప్రమాదంలోకి నెట్టడం. 15 శాతం వడ్డీకి మూడేళ్లకైతే ఈఎంఐ దాదాపు 13,900. వడ్డీయే లక్ష దాకా అవుతుంది. పైగా 3 లక్షలకు పాట ముగిసినా, 20 శాతం బయ్యర్స్ ప్రీమియం (పాట ధరపై కొన్నవారు వేలం సంస్థకు అదనంగా కట్టే రుసుము) ఉంటే 3.6 లక్షలు. ఆపై షిప్పింగ్, కస్టమ్స్ సుంకం, జీఎస్‌టీ. మీ 4 లక్షలు చాలవు, మిగతాది క్రెడిట్ కార్డు మీద గీకుతారు. దయచేసి ఆ పని చేయకండి.

ఆ 13,900 కట్టగలననే కదా లోన్ అడిగారు? అదే మొత్తాన్ని రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. చేతిలోని 60 వేలతో కలిపి 22 నెలల్లో నిధి నిండుతుంది. ముహూర్తాలున్న నెలల్లో ఎక్కువ వేసి, లేని నెలలకు సర్దుకోండి. కుటుంబానికి ఆరోగ్య బీమా, మీ పేరిట టర్మ్ పాలసీ ఉన్నాయో లేదో రాయలేదు. లేకపోతే నిధి నిండేదాకా ఆగకుండా తీసుకోండి. మ్యూచువల్ ఫండ్ల సంగతి ఆ తర్వాత చూద్దాం.

లోన్ దరఖాస్తు ఇప్పటికే పెట్టి ఉంటే, డబ్బు ఖాతాలో పడకముందే బ్యాంకుకు వెళ్లి రద్దు చేయించండి.