డ్యూటీ దిగిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాను. "నాకేం కాలేదన్నా, నిద్ర ఒక్కటే సరిగా పట్టట్లేదు, ఇంట్లోవాళ్లు ఊరికే కంగారు పడుతున్నారు" అని మొదలుపెట్టావు. ఆ కిందే, ఫంక్షన్‌కి వెళ్లి పది నిమిషాలు కూడా కూర్చోలేక వచ్చేశావనీ, పిల్లాడి చేతిలోంచి ప్లేటు జారిపడితే గావుకేక పెట్టావనీ, అర్ధరాత్రి లేచి తలుపు గడియలు చూస్తున్నావనీ రాశావు. ఏమీ కాని మనిషి రాసే సంగతులు కావివి. అలాగని కొంప మునిగిందీ లేదు. సైన్యంలో యూనిట్ వదిలి ఇంటికి వచ్చినవాళ్లలో చాలామందిమి ఈ దారిన పడి వచ్చినవాళ్లమే. కాబట్టి ఓదార్పు మాటలు పక్కన పెట్టి, రోజువారీగా ఏం చేయాలో రాస్తాను.

ముందు ఒక సంగతి అర్థం చేసుకో. చప్పుడు వినగానే ఆలోచించకుండా కదలడం, గదిలోకి వెళ్లగానే బయటపడే దారి చూసుకోవడం, ఎవరి చేతుల్లో ఏముందో గమనించడం మనల్ని అక్కడ బతికించాయి. సర్వీసు అయిపోయిందని ఒంటికి ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు. రిలీఫ్ రాని సెంట్రీలా అది నిలబడే ఉంది. ఆ ఉలికిపాటు ఒక్కటే అయితే చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది. ముదిరేది ఎక్కడంటే, అది రాకుండా చూసుకోవాలని మనం ఒక్కొక్కటీ మానేస్తూ పోయే దగ్గర. మొదట రద్దీ బజారు మానేస్తాం. తర్వాత ఫంక్షన్లు. తర్వాత పాత దోస్తుల ఫోన్లు ఎత్తం. చివరికి సొంత ఇంట్లోనే ఒక గదికి పరిమితమవుతాం. మానేసిన ప్రతిసారీ ఆ పూటకు ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ హాయి దగ్గరే మోసపోతాం. "వెళ్లలేదు కాబట్టి గండం గడిచింది" అని మనసు రాసుకుంటుంది, మరుసటిసారి భయం ఇంకో మెట్టు ఎక్కుతుంది. కింద నేను రాసేవి నిద్ర గురించైనా, మందు గురించైనా, ఈ తప్పించుకోవడం చుట్టూనే తిరుగుతాయి.

నిద్రతో మొదలుపెట్టు. అది కుదుటపడకుండా మిగతావేవీ నిలవవు. ఎన్నింటికి పడుకున్నా పొద్దున లేచే టైము మార్చకు, సెలవు రోజైనా సరే. పడుకుని ఇరవై నిమిషాలు అయిందనిపించినా నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకు. వేరే గదిలోకి వెళ్లి, చిన్న లైటు వేసుకుని, ఆసక్తి పుట్టించని పని ఏదైనా చెయ్యి. కళ్లు మూతలు పడుతున్నప్పుడే మంచం ఎక్కు. గడియారం నీకు కనబడకుండా తిప్పి పెట్టు. కాఫీ, టీ మధ్యాహ్నంతో ఆపెయ్. అందులోని కెఫీన్‌లో సగం సుమారు ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. తలుపులు చూడడం రాత్రికి ఒక్కసారే. చూశాక "వేశాను" అని పైకి అను, ఇక లేవకు. మొదటి కొన్ని రాత్రులు కాళ్లు లాగుతాయి, లాగనీ. గురక గట్టిగా పెడుతున్నావనీ మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటోందనీ మరదలు అంటే దాన్ని డాక్టరుకు చెప్పు. ఆ జబ్బు కూడా నిద్రను ముక్కలు చేసి మనిషిని చిరాకులో ముంచుతుంది, దానికి వేరే చికిత్స ఉంది.

కలల సంగతి నువ్వు రాయలేదు కానీ, రెండింటిదాకా ఫోను చూస్తూ కూర్చుంటున్నానన్నావంటే నాకు అర్థమైంది. నిద్ర రాకనా, పడితే వచ్చే కలకు భయపడా? రెండోదే అయితే ఒక పద్ధతి ఉంది. పగటిపూట, వెలుతురులో కూర్చుని, మరీ ఘోరం కాని కల ఒకటి తీసుకుని కాగితం మీద రాయి. దాని నడకను నీకు నచ్చినట్టు మార్చి మళ్లీ రాయి. లారీ దగ్గర ఆగే కల అయితే ఆ లారీని ముందుకు పోనివ్వు. ఆ మార్చిన కథను రోజూ పది నిమిషాలు కళ్లు మూసుకుని మనసులో నడిపించు. వినడానికి పిల్లాటలా ఉంటుంది, నాకూ అలాగే అనిపించింది. కానీ డాక్టర్లు పీడకలలకు నేర్పించే పద్ధతుల్లో ఇదొకటి. కల మధ్యలో నువ్వు అరిస్తే మరదలు నిన్ను పట్టుకుని కుదపకూడదు. దెబ్బ తగిలేది ఆమెకే. దూరంగా నిలబడి లైటు వేసి పేరు పెట్టి పిలవమను. నువ్వు లేవగానే అరికాళ్లు నేలకు ఆనించి, ఈ రోజు ఏ వారమో, ఏ తారీఖో, ఏ గదిలో ఉన్నావో పైకి చెప్పు.

మందు గురించి నీతులు చెప్పను. రెండు పెగ్గులు వేస్తే నిద్ర పడుతుందన్నది నిజమే. తెల్లవారుజామున అదే నిద్రను చెడగొడుతుందన్నదీ నిజమే. మందు ప్రభావం దిగే వేళకు నిద్ర పల్చబడుతుంది, కలలు ముసురుకుంటాయి. ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాను. రోజూ ఎక్కువగా తాగే అలవాటుంటే పౌరుషానికి పోయి ఒక్కసారిగా మానెయ్యకు. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో తగ్గించు.

ఇక మానేసిన వాటి దగ్గరికి మళ్లీ వెళ్లడం. ఒక కాగితం తీసుకుని నువ్వు తప్పించుకుంటున్నవన్నీ రాయి. ఒక్కోదానికీ సున్నా నుంచి వంద దాకా టెన్షన్ ఎంతో నంబరు వెయ్యి. వందకు దగ్గరున్న దానితో మొదలుపెట్టి వీరత్వం చూపించకు. ముప్పై, నలభై ఉన్నదాన్ని పట్టుకో. రద్దీ లేని వేళ దుకాణానికి వెళ్లి క్యూలో నిలబడడం అనుకో. గుండె దడ మొదలవుతుంది, చెమట పడుతుంది, వెనక నిలబడినవాడి ఊపిరి మెడకు తగులుతున్నట్టే ఉంటుంది. అక్కడే ఉండు. ఆ టెన్షన్ సగానికి పడేదాకా ఉండి అప్పుడు రా. మధ్యలో పారిపోతే ఆ రోజు భయమే గెలిచినట్టు. మర్నాడు మళ్లీ అక్కడికే. అది విసుగొచ్చేంత మామూలైపోయాకే పై మెట్టు. గోడకు వీపు ఆనించి కూర్చోవడం, ప్రతి చెయ్యీ వెతకడం లాంటివి కూడా ఈ లిస్టులోవే, చల్లగా ఒక్కోటీ వదిలించుకో. నిజంగా ప్రమాదం ఉన్న చోటికి వెళ్లమనడం లేదు. అక్కడ జరిగిన ఘటనల జ్ఞాపకాలనూ ఒంటరిగా తవ్వుకోకు. ఆ పని తెలిసిన మనిషి ఎదురుగా ఉన్నప్పుడు చేయాల్సింది.

కోపం నోటిదాకా రాకముందే ఒంటికి తెలుస్తుంది. నీకు దవడ బిగుస్తుందో పిడికిలి బిగుస్తుందో గమనించుకో. ఆ గుర్తు కనబడగానే "పది నిమిషాల్లో వస్తా" అని చెప్పి బయటికి నడువు, ఊపిరి తీసుకునేదానికంటే వదిలేది పొడుగ్గా ఉండేలా చూసుకో. చెప్పిన టైముకి తిరిగి వచ్చి మాట పూర్తి చెయ్యి. రాకపోతే అదీ తప్పించుకోవడమే.

నడక, వ్యాయామం నీకు నేను చెప్పాలా. మానెయ్యకు, అంతే. పేలుడు దగ్గర్లో ఉండి తల అదిరిన సందర్భాలుంటే, చెవుల్లో రింగుమని మోత ఉంటే మాత్రం డాక్టరుకు విడిగా చెప్పు. తలకు తగిలిన దెబ్బలు కూడా మతిమరుపు, చిరాకు, తలనొప్పి తెచ్చిపెడతాయి. అన్నీ మనసు ఖాతాలో రాసేసుకోకూడదు.

మాట్లాడే మనిషి ఒకడు కావాలి. వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వులు పంపుకోవడం ఈ లెక్కలోకి రాదు. పైగా అందులో వచ్చే యుద్ధం వీడియోలు రాత్రిపూట చూడకు, గ్రూపును మ్యూట్‌లో పెట్టు. పాత సెక్షన్‌లో, అంటే నీతో కలిసి పనిచేసిన చిన్న దళంలో, నువ్వు నమ్మేవాడిని ఒకణ్ని ఎంచుకుని, వారంలో ఒక రోజు ఖాయం చేసుకుని ఫోన్ చెయ్యి. "ఎలా ఉన్నావ్" అంటే మనవాళ్లంతా "ఫస్ట్ క్లాస్" అనే అంటారు. నిద్ర ఎన్ని గంటలు పట్టింది, ఈ వారం ఇంట్లో గొడవైందా అని అడుగు.

పోయినవాడి గురించి రాశావు, వాడి చోట నువ్వు ఉండాల్సిందని. ఇది భయం లాంటిది కాదు కాబట్టి ఊపిరి పద్ధతులకు లొంగదు. ఇవాళ తెలిసినదంతా దగ్గర పెట్టుకుని ఆ క్షణంలో నిలబడ్డ కుర్రాణ్ని తప్పు పడుతున్నావు. అప్పుడు నీకేం తెలుసో, ఎంత వ్యవధి ఉందో రాసుకుని చూడు. వాడి ఇంటికి ఫోన్ చేయడం మానేశావని నాకు తెలుసు. వాళ్లమ్మకు నీ క్షమాపణ అక్కర్లేదేమో, వాడి గురించి నాలుగు కబుర్లు కావాలేమో. వాడు పోయిన తారీఖు దగ్గరపడే కొద్దీ నీకు చిరాకు పెరుగుతుంది. క్యాలెండరులో గుర్తు పెట్టి మరదలికి ముందే చెప్పు.

నెల దాటినా ఇవి తగ్గకపోతే, పనికీ ఇంటికీ అడ్డం పడుతుంటే, మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లు. నీ విషయంలో నెల దాటిపోయిందనే నా అంచనా. పరువు అంటావేమో. మొదటి ప్రపంచ యుద్ధంలో పారిపోయారనీ పిరికితనం చూపారనీ, అలాంటి మరికొన్ని నేరాలు మోపీ బ్రిటిష్ సైన్యం తన మనుషుల్నే 306 మందిని కాల్చేసింది. వాళ్లలో కొందరి మనసు అప్పటికే దెబ్బతిని ఉంది. వాళ్లకు క్షమాభిక్ష 2006లో గానీ రాలేదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం ఈ బాధను పీటీఎస్‌డీ (ఘోరమైన ఘటన తర్వాత మనసును వదలని ఒత్తిడి) పేరుతో తన జబ్బుల పట్టికలో చేర్చింది 1980లో, వియత్నాం నుంచి తిరిగొచ్చినవాళ్లు పడ్డ పాట్లు చూశాక. ఇప్పుడు దీనికి పని చేసే మాటల చికిత్సలు ఉన్నాయి. చాలావరకు వారానికొకటి చొప్పున ఎనిమిది నుంచి పదిహేను సిట్టింగులు. మధ్యలో కొందరికి బాధ పెరిగినట్టుంటుంది, అప్పుడు మానేయాలనిపిస్తుంది. నువ్వు మానకు. మందులు రాస్తే గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, నీ అంతట నువ్వు ఆపకు. నిద్రమాత్రలు ఎవరో ఇచ్చారని మింగకు, కొన్నిటికి అలవాటు పడతావు, జబ్బు అక్కడే ఉంటుంది.

ఇంకొకటి సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. చచ్చిపోదామన్న ఆలోచన వస్తోందా? అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, కాబట్టి నువ్వు కూడా నీ దోస్తుల్ని అడగడానికి జంకకు. ఆ ఉప్పెన చాలాసార్లు కాసేపట్లో తీస్తుంది. ఆ కాసేపూ చేతికి ఏమీ అందకుండా ఉండడమే ముఖ్యం. ఇంట్లో తుపాకీ ఉంటే తూటాలు వేరే చోట, తాళం చెవి వేరేవాళ్ల దగ్గర ఉంచు. మనసు ఇలా ఉన్న రోజుల్లో అయితే తుపాకీని ఇల్లు దాటించడమే మేలు. మాత్రల డబ్బా మరదలి దగ్గర పెట్టు. ఆలోచన వచ్చిన రాత్రి టైము చూడకుండా నాకు ఫోన్ చెయ్యి, నేను ఎత్తకపోతే మరదల్ని లేపి ఆసుపత్రికి వెళ్లు.

ఈ ఉత్తరం ఆమెకూ చదవనివ్వు. ఆ నంబర్ల కాగితం ఈ వారంలో రాసి ఫోటో తీసి పంపు, ఏ మెట్టుతో మొదలుపెట్టాలో ఇద్దరం కలిసి చూద్దాం. ఆదివారం పొద్దున్నే చేస్తాను, ఫోన్ స్పీకర్‌లో పెట్టు, మరదలితో కూడా మాట్లాడేది ఉంది.

మీ అన్న